దొరగారిని తోసిన ఊరు

కొల్లేరు వెళ్ళొచ్చానని చెప్పగానే మద్రాసులో అందరూ గూడబాతుల సంగతే అడుగుతున్నారు. గూడబాతులు ఉన్నాయి. చాలా ఉన్నాయి. వాటిని చూడడానికి నాకు తీరిక దొరికిందెక్కడ? నా పక్కన ఆరడుగుల ఆరంగుళాల అమెరికా దొర ఉండగా కొల్లేటి పక్షులే మమ్మల్ని చూశాయి తప్ప మేము వాటిని చూడలేదు.

దొర పేరు రాల్ఫ్. మేమిద్దరం మద్రాసులో ఒకే వ్యాయామ కళాశాలలో పనిచేస్తున్నాం. నేను ఇంగ్లీషు చెబుతాను. అతను బాస్కెట్ బాల్ నేర్పుతాడు. ఇక్కడికి రాకముందు అమెరికాలో జీతానికి ఆ ఆటే ఆడేవాడు. ఆట ఆడినందుకు జీతమిస్తారని మా అమ్మతో చెబితే, ఆడనందుకేమో సరిగ్గా కనుక్కోమంది.

పశ్చిమ గోదావరి జిల్లా కుర్రాళ్ళకు ఈ ఆట పిచ్చి పట్టిందనీ, దొరగారు ఒకసారి దయచేస్తే ధన్యులమవుతామనీ ఏలూరు క్లబ్బు వారు కబురు పెట్టారు. దుబాసీగా నన్ను వెంట పంపారు. నేను నెల్లూరువాణ్ణి. ఎత్తు కాస్త తక్కువ, కోపం కాస్త ఎక్కువ, చేపల పులుసు విషయంలో ఎవరి మాటా వినను. ఇవి ముందే చెప్పేస్తే తరవాత పాఠకులకు ఇబ్బంది ఉండదు.

బయల్దేరే ముందు రాల్ఫ్‌కి అమెరికా నుంచి తంతి వచ్చింది. పాత జట్టు మళ్ళీ రమ్మంటోంది. వారంలోగా జవాబివ్వాలి. వెళ్ళాలో మానాలో తేల్చుకోలేక అతను రైల్లో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. మంచి జీతం, సొంత దేశం, ఇంకేం కావాలయ్యా అని అడిగాను.

“నాకు ఆట వచ్చా రాదా అన్నది నాకే తెలియదు మాస్టర్” అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు. ఆ జట్టులో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ఉండేవారట. యజమాని లెక్క ఒకటే: నల్లవాడికి కాళ్ళు, తెల్లవాడికి బుర్రా, గురీ. నల్లవాళ్ళు ఎగిరి బంతి అందుకోవాలి, తెల్లవాళ్ళు ఆలోచించి బుట్టలో వెయ్యాలి. వాళ్ళలో జో అనే అతను చీకటి పడేదాకా ఒక్కడే నిలబడి బంతి వేసి వేసి గురి సాధించాడు. పత్రికలవాళ్ళు అది పుట్టుకతో వచ్చిన వరమని రాశారు. రాల్ఫ్ ఏమో జట్టులో అందరికన్నా ఎత్తు ఎగురుతాడు. అతన్నేమో బంతి ఎక్కడ పడుతుందో ముందే ఊహించే మేధావి అని రాశారు. రాల్ఫ్ వేసిన బంతి బుట్టలో పడకపోతే అది దురదృష్టం. ఒకరిని తీసెయ్యవలసి వచ్చినప్పుడు జోని తీసేశారు. టిక్కెట్టు కొనే జనం తెల్లమొహాలు చూడడానికే వస్తారని యజమాని నమ్మకం. ఆ తరవాత రాల్ఫ్‌కి అన్నం సయించక ఉద్యోగం మానేసి మద్రాసు వచ్చేశాడు.

“నన్ను ఆట చూసి ఉంచారా, చర్మం చూసి ఉంచారా? మీ పల్లెటూళ్ళల్లో నేనెవరో ఎవరికీ తెలియదు. ఒక్కసారి, ఒక్కడు, నన్ను గట్టిగా అడ్డుకుని ఆడితే చాలు, తేలిపోతుంది. అప్పుడు తంతికి జవాబిస్తాను” అన్నాడు.

నాకు నవ్వాగలేదు. తన చర్మం చూడని ఊరు వెతుక్కుంటూ ఈ మనిషి ఏలూరు బయల్దేరాడు!

ఏలూరు

రైలు దిగేసరికి స్టేషన్లో సన్నాయి మేళం ఉంది. ఎవరో పెళ్ళివారు దిగుతున్నారనుకుని పక్కకు తప్పుకున్నాం. మేళం కూడా మాతోపాటు పక్కకు తప్పుకుంది.

క్లబ్బు అధ్యక్షులు ప్లీడరు కామేశ్వరరావు గారు. మాటకు రెండుసార్లు ‘అండీ’ చేర్చి, మనం నొచ్చుకుంటామేమోనన్నట్టు మెత్తగా మాట్లాడే మనిషి. నెల్లూరులో ఎవరైనా ఇంత మెత్తగా మాట్లాడితే ఏదో పని పడి వచ్చాడనుకుంటాం. ఇక్కడ ఊరంతా అలాగే మాట్లాడుతుంది. రిక్షా అతను కూడా “ఏవండీ, కాళ్ళు కాస్త లోపలికి లాక్కుంటారాండీ” అని రాల్ఫ్‌ని అడిగాడు. ఆ కాళ్ళు లోపలికి ఎక్కడికి లాక్కుంటాడు? కాలవగట్టు పొడుగునా అవి రిక్షాకి చెరోపక్కా వేలాడుతూనే వచ్చాయి.

ప్లీడరు గారి ఇంట్లో మొదటి గుమ్మం దగ్గర రాల్ఫ్ తల ఠంగుమంది. రెండో గుమ్మం దగ్గర తెలివి తెచ్చుకుని నడుం దాకా వంగి లోపలికి వెళ్ళాడు. ప్లీడరు గారి తల్లిగారు చూసి, “గడపకి దణ్ణం పెడుతున్నారమ్మా! మన పిల్లలకేదీ ఈ బుద్ధి?” అని మనవల్ని వరసగా నిలబెట్టి చివాట్లు వేశారు. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ నా చెప్పుల వంక చూశారు. నోరు మూసుకున్నాను.

టిఫినుకు హోటలుకు తీసుకెళ్ళారు. పెసరట్టు ఉప్మా మూడణాలు. అల్లం పచ్చడి తింటే చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. మా దోసెకన్నా ఇది నయమేనని ఒప్పుకుంటాను కానీ, ఒక టిఫిను కడుపులో ఇంకో టిఫిను దాచిపెట్టడం తిండిపోతుల ఏర్పాటు కాక మరేమిటి? రాల్ఫ్ ముందు పెట్టిన పెసరట్టు మీద సర్వరు అడక్కుండానే పంచదార గుమ్మరించాడు. దొరలు కారం తినరట. రాల్ఫ్ నా పచ్చడి గిన్నె లాక్కుని నాలుగట్లు తిన్నాడు. సర్వరు అదంతా కళ్ళారా చూసి కూడా ఐదో అట్టు మీద మళ్ళీ పంచదార పోశాడు.

సాయంత్రం మైదానంలో ఆట. పెళ్ళిపందిట్లోంచి తెచ్చిన ఎర్ర మఖమలు కుర్చీ, దాని కింద ఏలూరు తివాచీ. ఇంగ్లీషువాళ్ళు పోయాక ఈ జిల్లాకు దిక్కెవరని దిగులుపడుతుంటే అమెరికా వారు వచ్చారని ప్లీడరు గారు ఉపన్యసించారు. ఇది నేను రాల్ఫ్‌కి చెప్పలేదు. క్లబ్బు వాళ్ళే రెండు జట్లుగా విడిపోయి రాల్ఫ్‌ని ఒక జట్టులో కలుపుకున్నారు.

ఈల మోగింది. రాల్ఫ్ బంతి తీసుకుని కదిలాడు. ఎదురుగా ఉన్న ఆటగాడు చేతులు చాపి అడ్డుకోవాలి. అతను చేతులు జోడించి పక్కకు జరిగాడు. “దయచెయ్యండి” అని కూడా అన్నాడు. వెనకున్నవాడూ జరిగాడు. బుట్ట దాకా దారి పూర్తిగా ఖాళీ అయింది. రాల్ఫ్ బంతి విసిరాడు. పడలేదు.

ప్లీడరు గారు లేచి, “చూశారా! మన కుర్రాళ్ళు చిన్నబుచ్చుకుంటారని కావాలనే వదిలేశారండీ” అన్నారు. చప్పట్లు మిన్నంటాయి. రెండోసారీ పడలేదు. “గాలి ఎటు వీస్తోందో చూస్తున్నారండీ.” మూడోసారి పడింది. “అదీ! మొదటి రెండూ ఎందుకనుకున్నారు మరి?”

రాల్ఫ్‌కి ఒళ్ళు మండిపోయింది. బంతిని వెనక్కి, తల మీదుగా, ఇష్టమొచ్చినట్టు విసిరేశాడు. అది మైదానం దాటి కాలవలో పడింది. ఎదుటి జట్టువాళ్ళు ముగ్గురు చొక్కాలతో సహా దూకి ఈదుకుంటూ తెచ్చారు. మర్నాడు ఏలూరంతా ఆ దూరం గురించే మాట్లాడుకుంది.

తాడేపల్లిగూడెం

యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి వేసిన సిమెంటు బాట గూడెంలో ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. సగం మీద వడ్లు ఎండబోస్తారు, సగం మీద సుద్దముక్కతో గీతలు గీసి బంతాడతారు. బంతి వడ్లలోకి పోతే ఆడవాళ్ళు చీపురు తిరగేసి వస్తారు. ఇంత మంచి ఆటస్థలం మద్రాసులో మాకు లేదు.

ఆ రోజుల్లో తెల్ల సిపాయిలను చూసిన ఊరు కాబట్టి ఇక్కడైనా దొరంటే మామూలుగా తీసుకుంటారని రాల్ఫ్ ఆశపడ్డాడు. మాకు ఆతిథ్యమిచ్చిన రైసుమిల్లు వెంకటరత్నం గారు తిన్నగా మిల్లులోకే తీసుకెళ్ళారు. ఇంజను పొద్దుటి నుంచి మొరాయిస్తోందట.

“నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు” అన్నాడు రాల్ఫ్. నేను అదే చెప్పాను.

“తెలియకపోవడమేంటండీ, ఇంజనే వారిది కదా” అన్నారు వెంకటరత్నం గారు. “మరేం చెయ్యక్కర్లేదండీ. చెయ్యి ఒక్కసారి అలా ఆనించమనండి, చాలు.”

రాల్ఫ్ చెయ్యి ఆనించాడు. అవతలి పక్క తెల్లారినప్పటి నుంచి నూనెలో మునిగి తేలుతున్న ఫిట్టరు సరిగ్గా అప్పుడే పని ముగించి చక్రం తిప్పాడు. ఇంజను డబడబలాడింది. వెంకటరత్నం గారు రాల్ఫ్‌కి కొబ్బరిబొండం కొట్టించారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ ఫిట్టరే. అతను కూడా వచ్చి రాల్ఫ్‌కే దణ్ణం పెట్టాడు!

ఆట దగ్గర ఇంకో చిక్కు. దొరని ఆడించడం అమర్యాద అని గూడెం పెద్దలు తీర్మానించారు. దొరన్నవాడు తీర్పు చెప్పాలి. మెడలో దండ వేసినట్టు ఈల తగిలించి నిలబెట్టారు. తనేం చెప్పినా తలూపుతారా అని రాల్ఫ్‌కి ఒక సందేహం కలిగింది. ఊరికే ఈల ఊది, బంతి ముట్టుకోని ఆటగాణ్ణి బయటికి పొమ్మన్నాడు. అతను పోయాడు. బుట్ట కట్టిన స్తంభం అడ్డొచ్చిందని స్తంభానిదే తప్పన్నాడు. అందరూ స్తంభం వంక చూసి తలలూపారు. ఆఖరికి, వడ్లకుప్ప పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న ఒక పెద్దమనిషిని వేలెత్తి చూపించి ఈల ఊదాడు. ఆయన చుట్ట ఆర్పేసి, “తప్పైపోయిందండీ” అని కండువా దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఈల తీసి నా చేతిలో పెట్టి రాల్ఫ్ సిమెంటు బాట మీద చతికిలబడ్డాడు. “అక్కడ యజమాని ఒక్కడే మాస్టర్. ఇక్కడ ఊరంతా యజమానే” అన్నాడు. అప్పటిదాకా నాకు ఇదంతా వేడుకగానే ఉంది. అతని ముఖం చూశాక మొదటిసారి జాలి వేసింది. తంతి ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. ఇతను బంతి ఆడడానికి వచ్చాడు, అడ్డంగా ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

ఆకివీడు, ఆపైన దోనె

ఆకివీడులో చేపల గంపలు దించే చోట నిలబడితే ఊపిరి రెండు రకాలుగా ఆగుతుంది: వాసనకి ఒకసారి, కొర్రమీను ధర విన్నాక ఇంకోసారి. మా ఊళ్ళో పిల్ల చేపకు చెప్పే ధరకు ఇక్కడ మోచెయ్యంత చేప ఇస్తున్నారు. దాన్ని చూసి నేను లొట్టలేస్తుంటే, మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన స్కూలు మాస్టారు సూర్యనారాయణ గారు “రాత్రికి వండిస్తామండీ, రండి” అని చెయ్యి పట్టి లాగారు.

ఆయన కొల్లేటిలో పడమటి లంక బడి పంతులు. పెద్ద చదువు కాకపోయినా పెద్ద ఆలోచనల మనిషి. తాటిదోనెలో దారిపొడుగునా తన కష్టం చెప్పుకొచ్చారు. పడమటి లంకకీ తూర్పు లంకకీ మధ్య ఒక లోతైన మడుగుంది. వేసవిలో కొల్లేరు ఎండిపోతూంటే చేపలన్నీ అందులోకి చేరతాయి. ఆ మడుగులో ముందు వలవేసే హక్కు ఏ లంకదన్నది ఏటా దోనెల పందెంలో తేల్చుకోవడం ఆనవాయితీ. గెలిచిన లంక వేసంగంతా తింటుంది, ఓడిన లంక మిగిలింది ఏరుకుంటుంది. పోయినేడు పందెం మధ్యలో గెడకర్రలు లేచి తలలు పగిలాయట. అందుకని ఈ ఏడు దోనెలొద్దు, బంతాటతో తేల్చుకుందామని పంతులు గారు రెండు లంకల్నీ ఒప్పించారు. మూణ్ణెల్లుగా రెండు చోట్లా నేర్పుతున్నారు కూడా.

“అయితే దొరగారు మా పడమటి లంక తరఫున ఆడతారండీ” అని మెల్లగా ముక్తాయించారు.

రాల్ఫ్‌ని దోనె మధ్యలో కూచోబెడితే మోకాళ్ళు చెవుల పక్కకొచ్చాయి. దోనె అతని వైపు ఒరిగిపోకుండా నన్ను రెండో కొసన పెట్టారు. దోనె నడిపేవాడు నా పొట్ట వంక తృప్తిగా చూసి, “మాస్టారు లేకపోతే మునిగేవాళ్ళమండీ” అన్నాడు. లంక చేరగానే దర్జాగా దిగబోయి నడుం దాకా బురదలో కూరుకుపోయాను. నన్ను లాగడానికి దోనె నడిపేవాడికి పావుగంట పట్టింది. ఈలోగా రాల్ఫ్‌ని నలుగురు ఎత్తుకుని ఒడ్డున దించారు, కాలికి తడి అంటకుండా.

ఆ రాత్రి కొర్రమీను పులుసు. అందులో మామిడికాయ లేదు. నెల్లూరువాడి దృష్టిలో అది పులుసే కాదు. నేను ముమ్మారు వడ్డించుకున్నాను, ఆ సంగతి నెల్లూరులో ఎవరికీ చెప్పవద్దని పాఠకులకు మనవి.

మడుగు పక్కన

నీళ్ళు తీసిన మెరక మీద బురద ఎండి చాపలా పరుచుకుంది. అటూ ఇటూ తాటి మొద్దులు పాతి, అడుగు కోసేసిన వెదురు బుట్టలు కట్టారు. రెండు లంకల జనం రెండు వైపులా బారులు తీరారు. పక్కనే మడుగు నల్లగా నిగనిగలాడుతోంది.

దొరని చూడగానే తూర్పు లంక వాళ్ళు అడ్డం తిరిగారు. వాళ్ళకి దొరుంటే పందెం ఏముంది, మడుగు రాసిచ్చేసినట్టే కదా అన్నారు. న్యాయమైన మాటే. పెద్దలు గుంపుగా కూచుని తర్జనభర్జనలు పడి, ఆఖరికి సమానం చెయ్యడానికి ఒక మార్గం కనిపెట్టారు. పడమటి లంకకు మద్రాసు నుంచి ఒకరొస్తే, తూర్పు లంకకూ మద్రాసు నుంచి ఒకరు రావాలి. అందరూ నా వైపు తిరిగారు.

నాకు ఆట రాదని బతిమాలాను. “దొరగారు కూడా అలాగే అంటారండీ” అన్నాడు ఒక పెద్ద. పంచె ఎగ్గట్టించి నన్ను దింపారు.

మొదటి సగం ఏలూరులో జరిగినట్టే జరిగింది. తూర్పు లంకలో అందరికన్నా బలమైనవాడు పోలయ్య. రాల్ఫ్‌ని అడ్డుకోవడం అతని పని. రాల్ఫ్ రాగానే అతను తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని పక్కకు జరిగేవాడు. రాల్ఫ్ వేసిన బంతి పడేది కాదు. తిరిగొస్తే ఎవరూ ముట్టుకునేవారు కాదు, మళ్ళీ రాల్ఫే ఎగిరి అందుకుని మళ్ళీ వేసేవాడు. అలా పది వేస్తే ఒకటి పడేది. నేను ఒక మూల నిలబడ్డాను. బంతి రెండుసార్లు నా వీపుకు తగిలింది. నా వల్ల తూర్పు లంకకు జరిగిన మేలు అంతే. పడమటి లంక బాగా ముందుకెళ్ళిపోయింది.

రాల్ఫ్ నా పక్కగా పరిగెడుతూ, “ఇదే ఆఖరి ఊరు” అన్నాడు.

అప్పుడు తూర్పు లంక బారులోంచి ఒక ముసలావిడ చరచరా ఆటలోకి వచ్చేసింది. పేరు వీరమ్మ, పోలయ్య తల్లి. కొడుకు చంకలో తలగుడ్డ లాగి వాడి నెత్తిన కొట్టింది.

“ఒరే పోలయ్యా! మడుగు పోతోందిరా! వేసంగిలో నీ పిల్లలకి దొరగారొచ్చి కూడు పెడతారేంట్రా?”

“అది కాదమ్మా, దొరగారిని ఎలాగ...”

“ఎలాగేంటి? నీ బావమరిదిని పోయినేడు దోనెలోంచి ఎలా తోశావో అలాగే!”

ఆ తరవాత ఆవిడ రాల్ఫ్ వైపు తిరిగింది. కొంగు భుజం నిండా కప్పుకుని, రెండు చేతులూ జోడించి, ఎంతో మెత్తగా అంది: “ఏవండీ దొరగారూ, తమరేమీ అనుకోకండి. ఇక నుంచి మావాళ్ళు తోస్తారండి.”

నేను ఇంగ్లీషులో చెప్పాను. రాల్ఫ్ ముఖం వెలిగిపోయింది. నేను నా జన్మలో, తన్నులు తప్పవని తెలిసి అంత సంతోషించిన మనిషిని చూడలేదు.

ఇక చూడండి! రాల్ఫ్ బంతి తీసుకుని కదలగానే పోలయ్య “కాస్త తప్పుకోండి దొరగారూ” అంటూ భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. రాల్ఫ్ వెల్లకిలా పడ్డాడు. లేచాడు. “క్షమించండి” అంటూ ఇంకోడు బంతి లాక్కున్నాడు. “తమరికి దెబ్బ తగల్లేదు కదండీ” అంటూ మూడోవాడు పక్కటెముకల్లో మోచెయ్యి పెట్టాడు. మర్యాదలో లోటు లేదు, తోపులోనూ లోటు లేదు. నెల్లూరులో అయితే తిట్టి తోస్తాం. ఇలా అండీ అని తొయ్యడం గోదావరి జిల్లావాళ్ళకే చెల్లింది.

రాల్ఫ్ కూడా మారిపోయాడు. అరుస్తున్నాడు, తోస్తున్నాడు, పోలయ్య మీద నుంచి ఎగురుతున్నాడు. ఆ ఎగరడం చూసి రెండు లంకలూ నోళ్ళు తెరిచాయి. తాటి మొద్దు దగ్గర బంతి గాల్లోకి లేస్తే చాలు, అది రాల్ఫ్‌దే. పోలయ్య, అతని తమ్ముడు, ఇంకొకడు కలిసి లేచినా అందేది కాదు. అంతవరకూ బాగుంది. ఆ తరవాత బంతి వెయ్యాలి కదా. వేస్తే మొద్దుకు తగిలింది. వేస్తే బుట్ట అంచుకు తగిలింది. ఒకసారి పంతులు గారి కళ్ళజోడుకు తగిలింది. తూర్పు లంకవాళ్ళు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చేశారు. ఆఖరి బంతి రాల్ఫ్ చేతికే వచ్చింది. అది పడితే పడమటి లంకది గెలుపు. పోలయ్య కొండలా అడ్డం నిలబడ్డాడు. రాల్ఫ్ అతని తల దాటి ఎగిరి వేశాడు.

బంతి వెళ్ళి మడుగులో పడింది.

పడమటి లంక ఘొల్లుమంది. వాళ్ళ పెద్ద నూకరాజు తిన్నగా రాల్ఫ్ దగ్గరికొచ్చి, అండీ గిండీ అంతా గాలికొదిలేసి, “ఆట రానోడివి ఎందుకొచ్చావయ్యా? మా మడుగు ముంచేశావు కదయ్యా!” అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. వేసంగంతా ఏరుకు తినవలసిన వాళ్ళు వాళ్ళు. కొందరు కోపంతో, ఈ దొరని తూర్పు లంకవాళ్ళే కావాలని తమకు అంటగట్టారని కూడా అన్నారు. పంతులు గారు పగిలిన కళ్ళజోడు తుడుచుకుంటూ మా వైపు చూడనేలేదు.

రాల్ఫ్ నూకరాజు ముందు తల వంచుకున్నాడు. ఈసారి గుమ్మమేమీ లేదు. నూకరాజు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పమని నన్ను అడిగాడు. చెప్పాను. “నిజమే. చాలా పెద్ద తప్పు జరిగింది. నా తరఫున క్షమించమని చెప్పు” అన్నాడు. నూకరాజు వింటూనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

వీరమ్మ రాల్ఫ్‌కి మంచినీళ్ళు తెచ్చింది. గెలిచిన మనిషి కదా, ఉదారంగా ఉంది. అతని మోచేతి మీద నెత్తురు చూసి పసుపు అద్దింది. “ఎగురుడు బాగుందండి. మా చుట్టుపక్కల ఎవడూ అలా ఎగరలేడు. గురే లేదు, బొత్తిగా లేదు. తమరికి గురుందని ఎవరు చెప్పారండీ?”

నేను ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. రాల్ఫ్ ముందు నవ్వాడు, తరవాత ఆ నవ్వు ఆగక కళ్ళు తుడుచుకున్నాడు. “మళ్ళీ అడుగు మాస్టర్, సరిగ్గా అదే అందా? ఎగరడం బాగుంది, గురి లేదు, అంతేనా?”

అంతేనన్నాను. “నేను మొదటి నుంచీ అదే అనుకుంటున్నాను” అన్నాడు. నీళ్ళ చెంబు రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

మళ్ళీ ఏలూరు, బెజవాడ

కొల్లేరు మీదుగా దోనెలో ఏలూరు చేరేసరికి మాకన్నా ముందు కబురు చేరింది. ప్లాట్‌ఫారం మీద ప్లీడరు గారు దండతో సిద్ధంగా ఉన్నారు.

“విన్నామండీ, అంతా విన్నాం” అన్నారు ఆయన, కళ్ళు చెమర్చి. “తూర్పు లంకవాళ్ళు బీదవాళ్ళని తెలిసి, మడుగు వాళ్ళకి దక్కాలని దొరగారు కావాలనే ఓడిపోయారటగా! ఎంత పెద్ద మనసండీ!”

మూడు రోజులుగా అదిమిపెట్టుకున్న కోపమంతా ఒక్కసారి పొంగింది. “కావాలనీ లేదు, మనసూ లేదు. ఓడిపోయాడయ్యా! ఒళ్ళు హూనం చేసుకుని ఆడి, నిజంగా ఓడిపోయాడు! ఆయనకు గురి లేదు!” అని స్టేషనంతా వినపడేలా అరిచాను.

ప్లీడరు గారు నొచ్చుకున్నారు. “మీరలా అనకూడదండీ. ఎంతైనా దొరగారు” అని దండ రాల్ఫ్ మెడలో వేసేశారు.

రైలు కదిలాక రాల్ఫ్ అడిగాడు, అంత గట్టిగా ఏమని అరిచావని. నీకు గురి లేదని చెప్పానన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. బెజవాడ పొలిమేర దాకా వదల్లేదు. నా భుజం ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

బెజవాడలో బండి చాలాసేపు ఆగుతుంది. రాల్ఫ్ నన్ను వెంటబెట్టుకుని తంతి ఆఫీసుకు పరిగెత్తాడు. కాగితం మీద గబగబా రాసి కిటికీలోంచి ఇచ్చాడు. “జోని పిలవండి. అతనికి గురి ఉంది. నాకు లేదు. కొల్లేరులో తేలింది.”

గుమాస్తా చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు వంగాడు. “ఏవండీ, అమెరికాలో కొల్లేరంటే ఎవరికి తెలుస్తుందండీ? ఆ ఆఖరి ముక్క కొట్టెయ్యమంటారా? మాటకింతని డబ్బు కదండీ, దొరగారికి కలిసొస్తుంది.”

రాల్ఫ్‌కి చెప్పాను. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి, గుమాస్తా చేతిలోని పెన్సిలు తీసుకుని, కొల్లేరు అన్న మాట కింద గట్టిగా గీత గీశాడు.